లావు పుస్తకం మొదలుపెట్టాలా వద్దా: మజిలీల లెక్కన తేల్చుకునే పద్ధతి

పోయిన ఎండాకాలం ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయాక మా అక్క బిడ్డ హన్మకొండలో మా ఇంటికి వచ్చింది. వచ్చిన రెండో రోజే ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. పద్నాలుగు లావు పుస్తకాలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. “మామా, ఇవి కొనాల్నా వద్దా? దోస్తులంతా మస్తుంటయంటున్రు. సగంల ఆపేస్తే పైసలూ పోతయి, సెలవులూ పోతయి” అంది. అది ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే ఫాంటసీ సిరీస్.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పెద్ద నవలలంటే నాకు ప్రాణం. పదకొండేళ్లుగా పాస్ మీద కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు తిరుగుతున్నాను, నేను చదివిన లావు పుస్తకాల్లో చాలావరకు ఆ రైల్లో చదివినవే. అయినా “చదువు, బాగుంటది” అని ఊరికే అనలేకపోయాను. ఒకసారి హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఐదు సంపుటాల సెట్టు ఒకేసారి కొని, రెండో సంపుటం మధ్యలో ఆగిపోయాను. మిగతా మూడూ ఇప్పటికీ అట్టపెట్టెలోనే ఉన్నాయి. అవి చెడ్డ పుస్తకాలు కావు. తేల్చుకోవాల్సిన చోట నేను తేల్చుకోలేదు.

ఆ రోజు ఆమెకు చెప్పినదాన్నే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను.

మన కాశీమజిలీ కథలు గుర్తున్నాయి కదా. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాశారు. మణిసిద్ధుడు కాలినడకన కాశీకి పోతుంటాడు, వెంట ఒక పశువుల కాపరి పిల్లవాడు. దారిలో తాను అడిగిన వింతకల్లా కథ చెప్పాలన్నది ఆ పిల్లాడి షరతు. ఒక్కో మజిలీలో ఒక్కో కథ విని, మర్నాడు మళ్లీ నడుస్తాడు. పెద్ద పుస్తకం చదివేవాళ్లు కూడా సరిగ్గా ఆ పిల్లాడిలాగే ఉండాలని నా నమ్మకం. వేయి పేజీలకు మొదటి రోజే మాట ఇవ్వకూడదు. ఈ మజిలీ దాకా వస్తాను, నచ్చితే తర్వాతి మజిలీకి బయల్దేరతాను అనుకోవాలి. కింద చెప్పేదంతా ఆ మజిలీలు ఎక్కడ పెట్టుకోవాలి, అక్కడ ఏం చూసుకోవాలి అన్నదే.

ముందు గడియారం దగ్గర పెట్టుకోండి

పుస్తకం మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. అది మీ రోజుల్లో ఎన్నింటిని తీసుకుంటుందో ముందు తెలియాలి. అలారం పెట్టుకుని మొదటి అధ్యాయాన్ని ఇరవై నిమిషాలు, తొందరపడకుండా చదవండి. ఎన్ని పేజీలయ్యాయో చూసి మూడింతలు చేస్తే అదే మీ గంట వేగం. నాకు తెలుగు నవలైతే గంటకు పాతిక పేజీలు, పాతకాలపు వచనమైతే పదిహేనుకు మించదు.

తర్వాత మీకు రోజుకు నికరంగా ఎంత టైం దొరుకుతుందో రాసుకోండి. ఉండాలని కోరుకునే టైం కాదు, నిజంగా ఉన్నది. కాజీపేటలో ఎక్కితే సికింద్రాబాద్‌కు రెండు గంటల పైనే ప్రయాణం. కానీ పొద్దున నాకు సీటు దొరికేది జనగామలో. భువనగిరి దాటాక నిలబడ్డవాళ్లతో పెట్టె కిక్కిరిసిపోతుంది, పుస్తకం తెరిచి పట్టుకోవడానికి చోటుండదు. చేతికి వచ్చేది నలభై నిమిషాలు. గంటకు పాతిక పేజీల లెక్కన వేయి పేజీల నవలకు నలభై గంటలు, అంటే నాకు అరవై ప్రయాణాలు.

‘వీల్ ఆఫ్ టైమ్’ మొత్తం దాదాపు 44 లక్షల మాటలు. నిమిషానికి 200 మాటలు చదివితే 366 గంటల పైన. రోజుకు గంట చొప్పున ఒక ఏడాది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా అక్క బిడ్డ కాసేపు ఏమీ మాట్లాడలేదు. “ఏడాదంటే ఎంసెట్ గూడ అయిపోతది మామా” అంది. అప్పుడు మా మాటలు అసలు దారిలో పడ్డాయి. టాల్‌స్టాయ్ ‘యుద్ధము–శాంతి’ ఇంగ్లిష్ అనువాదం ఆ సిరీస్‌లో ఏడో వంతు కూడా ఉండదు. ప్రపంచంలో అందరూ భయపడే ఆ నవల, రోజుకు గంట చదివితే యాభై రోజుల్లో అయిపోతుంది.

ఆ పొడవు ఎక్కడి నుంచి వచ్చింది?

నా మటుకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పుస్తకాలు ఊరికే లావవ్వవు. దేనివల్ల అంత పెరిగిందో తెలిస్తే, అది మీకు పనికొచ్చే పొడవో కాదో సగం తెలిసినట్టే.

కొన్ని పుస్తకాల్లో కాలమే కథ. మా ఐనవోలు జాతరలో ఒగ్గుకథ విన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మల్లన్న పుట్టుక, మేడలమ్మతో, కేతమ్మతో పెండ్లిళ్లు, ఇదంతా పది నిమిషాల్లో చెప్పేయొచ్చు. విననొచ్చిన వాళ్లందరికీ ఆ కథ ముందే తెలుసు కూడా. అయినా డోలు మొదలయ్యాక చలిలో దుప్పటి కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంటారు. కునుకు తీసి లేస్తే కథ ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఆ రాత్రంతా మల్లన్నతో గడిపామన్న తృప్తి పది నిమిషాల కథలో రాదు.

‘యుద్ధము–శాంతి’ అలాంటిది. 1805లో ఒక విందులో మొదలై, 1812లో నెపోలియన్ రష్యా మీదికి వచ్చి వెనక్కి పోయేదాకా, ఆ తర్వాత కొన్నేళ్లదాకా సాగుతుంది. అందులో ఒక చిన్న చోటు చెబుతాను. ఆండ్రీ అనే ఆయన యుద్ధంలో గాయపడి, భార్యను పోగొట్టుకుని, ఇక తన బతుకు అయిపోయిందనుకుంటూ వసంతంలో బండి మీద అడవి దారిన పోతుంటాడు. చుట్టూ చెట్లన్నీ చిగురించాయి. ఒక్క ముసలి ఓక్ చెట్టు మాత్రం మోడులా నిలబడి ఉంటుంది. ఆ చెట్టు చెప్పేదే నిజం అనుకుంటాడు. ఆరు వారాల తర్వాత అదే దారిన తిరిగొస్తూ ఆ చెట్టు కోసం వెతుకుతాడు, వెంటనే పోల్చుకోలేడు. ఒళ్లంతా ఆకులు తొడిగి ఉంది. అంతే, ఇంకేమీ జరగదు. విడిగా చదివితే అదొక చెట్టు వర్ణన. ఆండ్రీ వెంట అన్ని వందల పేజీలు నడిచి వచ్చాక చదివితే, రఘునాథపల్లి దగ్గర కిటికీలోంచి బయటికి చూస్తూ నేను పుస్తకం మూసి కూర్చున్నాను. ఆ పొడవు ఆ చెట్టు కోసం.

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ కూడా ఈ తెగలోదే. ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు 29 రోజుల్లో రాశారని ప్రసిద్ధి. అంత వేగంగా వచ్చినా, సుబ్బన్నపేట అనే ఊరు కళ్లముందే కొంచెం కొంచెంగా కూలిపోవడం చూపించడానికి ఆ వేయి పేజీలూ అవసరమయ్యాయి. మన వంగర పీవీ నరసింహారావు రాజకీయాల్లో తలమునకలుగా ఉంటూ కూడా దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారు. చదవడానికి టైం లేదని అనిపించినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తారు.

రెండో రకం సీరియల్ పొడవు. ‘ది కౌంట్ ఆఫ్ మాంటే క్రిస్టో’ 1844 నుంచి 1846 దాకా ఫ్రెంచి పత్రికలో వచ్చింది. తమిళ నవల ‘పొన్నియిన్ సెల్వన్’ 1950 నుంచి 1954 దాకా కల్కి పత్రికలో వచ్చింది. ప్రతి భాగం చివర ‘సశేషం’ దగ్గర పాఠకుణ్ని పట్టి ఉంచాలి కాబట్టి వాటి నడక అలా ఉంటుంది. ‘చందమామ’ సీరియళ్లు చదివి పెరిగిన మనకు ఆ రుచి కొత్త కాదు. ఇవి భయపడాల్సినవి కావు. కాకపోతే ఒక్క గుక్కలో వంద పేజీలు చదివితే మలుపులన్నీ ఒకేలా అనిపిస్తాయి. రోజుకు రెండు మూడు అధ్యాయాల దగ్గర ఆపేయండి, రుచి తెలుస్తుంది.

మూడోది లోకాన్ని కట్టే పొడవు. ఫాంటసీలో ఎక్కువగా ఇదే. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954–55లో మూడు సంపుటాలుగా అచ్చయినా, రాసింది ఒకే నవలగా. అందులో దారులు, కొండలు, పాటలు, పాత రాజ్యాల పేర్లు కథకు అడ్డం కాదు, కథ నిలబడ్డ నేల అవి. వాటి మీద మీకు ఆసక్తి లేకపోతే, ఎన్ని లక్షల మంది మెచ్చుకున్నా ఆ పుస్తకం మీకు బరువే. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇక నాలుగోది, రాస్తూ రాస్తూ పెరిగిపోయిన పొడవు. సిరీస్‌లలో ఇది మామూలే, దీని దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

సిరీస్ అయితే పూర్తయిందో లేదో

డబ్బు పెట్టే ముందే చూసుకోవాలి. ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ మొదట మూడు పుస్తకాలు అనుకున్నది. ఏడుకు పెరిగింది. మొదటిది 1996లో, ఐదోది 2011లో వచ్చాయి. ఆరో పుస్తకం కోసం పాఠకులు అప్పటి నుంచీ ఎదురుచూస్తున్నారు. దాని మీద తీసిన టీవీ సీరియల్ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మాత్రం 2019లోనే ముగిసింది. చివర ఏమైందో తెలియకుండా ఉండలేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది. నడిచినంత దూరం చాలనుకునేవాళ్లకు మాత్రం ఆ ఐదూ నిండుగా ఉంటాయి.

‘వీల్ ఆఫ్ టైమ్’ 1990లో మొదలైంది. రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో చనిపోయారు. ఆయన వదిలి వెళ్లిన నోట్స్ ఆధారంగా చివరి మూడు పుస్తకాలను బ్రాండన్ శాండర్సన్ పూర్తి చేశారు, ఆఖరిది 2013లో వచ్చింది. కాబట్టి ముగింపు ఉంది. కాకపోతే ఎనిమిది, తొమ్మిది, పది పుస్తకాల్లో కథ బాగా నెమ్మదిస్తుందని ఆ సిరీస్‌ను ప్రేమించే పాఠకులే చెబుతారు.

సిరీస్‌లో ఇంకో సంగతి చూడాలి, ఏ పుస్తకానికి ఆ పుస్తకం ముగుస్తుందా అని. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ మూడూ కలిస్తే సాయుధ పోరాటానికి ముందు, నడుమ, తర్వాత మన తెలంగాణ మొత్తం కనిపిస్తుంది. ఒక్క ‘చిల్లర దేవుళ్లు’ చదివి ఆపినా చేతిలో ఒక పూర్తి నవల ఉంటుంది. ఇలాంటి వాటిలోకి ధైర్యంగా దిగొచ్చు.

ఏ ప్రతి చదువుతున్నారు?

అనువాదం బాగాలేక ఆగిపోయి, తప్పు నవలదనుకునేవాళ్లు చాలామంది. రెండు అనువాదాల్లో ఒకే పేజీ పక్కపక్కన పెట్టి చదవండి. టాల్‌స్టాయ్ పాత ఇంగ్లిష్ అనువాదాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగానే ఉన్నాయి. అట్ట తిప్పి లోపలి పేజీలో ‘సంక్షిప్త’ అన్న మాట ఉందేమో కూడా చూడండి. ‘మాంటే క్రిస్టో’ పూర్తి నవలలో 117 అధ్యాయాలు. చవగ్గా దొరికే పల్చటి ప్రతి అందులో ఒక ముక్క. అది చదివి నచ్చలేదంటే నవలకు అన్యాయం.

తెలుగులోవి కొనేముందు ఒకసారి గ్రంథాలయంలో చూడండి. హన్మకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది, జిల్లా గ్రంథాలయం ఉంది. పుస్తకాన్ని చేత్తో పట్టుకుని నాలుగు పేజీలు తిప్పడం వేరు, ఫోన్‌లో అట్ట బొమ్మ చూడడం వేరు.

అదే రచయిత రాసిన చిన్నది ముందు చదివితే ఇంకా మంచిది. టాల్‌స్టాయ్‌వి అయితే ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’, విశ్వనాథవి అయితే ‘ఏకవీర’. ఒక్క వారంలో ఆ గొంతు మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’కు ముందు ‘ది హాబిట్’ చదవమంటారు. అది పిల్లల కోసం రాసింది, పెద్ద నవల నడక వేరు. కాబట్టి అది నచ్చకపోయినంత మాత్రాన పెద్దదాన్ని వదిలేయొద్దు.

మజిలీ ఎక్కడ పెట్టుకోవాలి

నేను తరచూ పోయే ఓ లైబ్రరీలో వేయి పేజీలకు దగ్గరున్న పాత తెలుగు నవల ఒకటి ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి పక్క నుంచి చూస్తే రెండు రంగులు కనిపిస్తాయి. మొదటి నూట యాభై పేజీల అంచు వేళ్ల మరకలతో నల్లబడి, మెత్తబడి, కొంచెం ఉబ్బి ఉంది. అక్కడి నుంచి చివరిదాకా అంచు తెల్లగా, బిగుతుగా ఉంది. కొన్ని కాగితాలు ఒకదానికొకటి అతుక్కునే ఉన్నాయి. ఎన్ని చేతులు మారినా అందరూ దాదాపు ఒకే చోట ఆగిపోయారన్నమాట. నేను ఆ చోటు దాటి చదివాను. అసలు కథ ఊపందుకునేది ఇంకో నలభై పేజీల తర్వాత.

అందుకే మజిలీని విసుగు పుట్టిన చోట పెట్టుకోకూడదు. మొదలుపెట్టక ముందే, విషయసూచిక చూసి పెట్టుకోవాలి. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, మొత్తంలో పదో వంతు దాటాక ఏ భాగం సహజంగా ముగుస్తుందో అది మొదటి మజిలీ. ‘యుద్ధము–శాంతి’లో మొదటి సంపుటం చివర, ఆస్టర్లిట్జ్ యుద్ధం దాకా. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ లోపల ఆరు భాగాలుంటాయి, వాటిలో మొదటిది ముగిసేదాకా, అంటే కథానాయకుడు ఫ్రోడో రివెండెల్ అనే చోటి గుమ్మం దాకా చేరేవరకు. ‘లే మిజరబ్ల్’లో అసలు కథానాయకుడు జ్యాఁ వాల్జ్యాఁ మొదటి పద్నాలుగు అధ్యాయాల్లో రాడు. అదంతా ఒక బిషప్ గురించే. ఆ బిషప్ ఇంటి వెండి సామాను ఘట్టం దాకా వెళ్లకుండా ఆ నవల గురించి ఏమీ తేల్చుకోవద్దు. సిరీస్ అయితే మొదటి మజిలీ మొదటి పుస్తకం, అంతే. రెండోది అప్పుడే కొనకండి.

మజిలీలో కూర్చుని ఏం చూసుకోవాలి

‘బాగుందా?’ అని అడక్కండి, ఆ ప్రశ్నకు జవాబు ఊగుతూ ఉంటుంది. పుస్తకం మూసి ఉన్నప్పుడు అందులోని మనిషి ఎవరైనా మీకు గుర్తొచ్చారా అని అడగండి. కూరగాయలు కొంటుంటేనో, బస్సు కోసం నిలబడితేనో, ‘వాడు ఇప్పుడేం చేస్తాడో’ అనిపించిందా? అనిపిస్తే ముందుకు పదండి, భాష ఎంత కష్టంగా ఉన్నా సరే. పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా గుర్తురాకపోతే అది మీ పుస్తకం కాదు, కనీసం ఈ ఏడాదికి కాదు.

విసుగు వేరు, కష్టం వేరు. ఈ రెంటినీ విడదీయడానికి నేను చేసేది ఒకటే, ఆగిపోయిన పేజీని పైకి చదవడం. ‘వేయిపడగలు’లో కొన్ని పేజీలు కళ్లతో చదివితే గోడలా నిలబడతాయి, గొంతుతో చదివితే తెరుచుకుంటాయి. అలా తెరుచుకుంటే అది కష్టం మాత్రమే. పైకి చదివినా ఏమీ కదలకపోతే అది విసుగు, దాన్ని నమ్మండి. రష్యన్ నవలలో పేర్ల తికమక కూడా కష్టం కిందికే వస్తుంది. ఒకే మనిషికి ఇంటి పేరు, తండ్రి పేరు, ముద్దు పేరు ఉంటాయి. మొదటి రోజే ఒక కాగితం మీద రాసుకుని బుక్‌మార్క్‌గా పెట్టుకుంటే ఆ టెన్షన్ పోతుంది.

కోపం వస్తే? ‘వేయిపడగలు’ నిలబెట్టాలని చూసే పాత సామాజిక కట్టుబాటుతో నాకు ఒప్పుదల లేదు. కథానాయకుడు ధర్మారావుతో ఎన్నోసార్లు మనసులో పోట్లాడాను. కానీ గిరికను, పసిరికను వదిలి రాలేకపోయాను. పుస్తకం మీద కోపం రావడం ఆపేయడానికి కారణం కాదు. అది మీతో మాట్లాడుతోందనే అర్థం.

దాటేయగలిగిన పేజీలు

ప్రతి పేజీ చదివితేనే చదివినట్టని మనకు ఎవరు చెప్పారో తెలియదు. బమ్మెర పోతన భాగవతం పన్నెండు స్కంధాలు. మా వైపు ఊళ్లలో గజేంద్రమోక్షం, ప్రహ్లాద చరిత్ర, రుక్మిణీ కల్యాణం నోటికి వచ్చిన పెద్దవాళ్లను చూశాను. వాళ్లలో పన్నెండూ వరుసగా చదివినవాళ్లు ఎందరని ఎవరూ లెక్క అడగలేదు. ఘట్టాలుగా అల్లిన పుస్తకాన్ని ఘట్టాలుగా చదువుకోవచ్చు. భాగవతం, కాశీమజిలీలు, ‘డాన్ కిహోటే’ అలాంటివి.

ఒకే దారంతో అల్లినవాటిని అలా ముక్కలు చేయలేం. అయినా వాటిలోనూ పక్కకు జరిపే చోట్లుంటాయి. ‘యుద్ధము–శాంతి’ రెండో ఉపసంహారం పన్నెండు అధ్యాయాలూ చరిత్ర మీద వ్యాసమే. కథ అప్పటికే ముగుస్తుంది. ‘లే మిజరబ్ల్’లో వాటర్లూ యుద్ధం పంతొమ్మిది అధ్యాయాలు. చివరి అధ్యాయం మాత్రం వదలొద్దు, తర్వాతి కథకు అక్కడ ముడి ఉంది. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అనుబంధాలు నవల అయ్యాక కావాలనిపిస్తే చదువుకోవచ్చు.

ఆపేసేటప్పుడు

ఊరికే వదిలేయకండి. ఏ పేజీలో ఆపారో, ఎందుకు ఆపారో, ఎవరు గుర్తున్నారో రెండు మూడు వాక్యాలు రాసి పుస్తకంలోనే పెట్టండి. ఐదేళ్ల తర్వాత తెరిచినప్పుడు ఆ కాగితం చాలా పని చేస్తుంది. నేను ‘యుద్ధము–శాంతి’ని ఇరవై నాలుగేళ్ల వయసులో 300వ పేజీ దగ్గర ఆపాను. నలభై దగ్గర పడ్డాక మళ్లీ పట్టుకుంటే, అప్పుడు కంటికి ఆనని తండ్రి పాత్రలన్నీ ఇప్పుడు ముందుకొచ్చి నిలబడ్డాయి.

మా అక్క బిడ్డ ఆ రోజు సెట్టు కొనలేదు. మొదటి పుస్తకం ఒక్కటి తెప్పించుకుంది. జూన్‌లో కాలేజీ తెరిచే ముందు దాన్ని నా బల్ల మీద పెట్టిపోయింది. లోపల కాగితం: “పేజీ 412ల ఆపిన. మంచిగనే ఉన్నది, గని ఎంసెట్ అయ్యేదాక వద్దు. నైనీవ్ అనే ఆమె రోజూ యాదికొస్తున్నది. పుస్తకం ఎవ్వలకు ఇయ్యకు మామా.”